మీకు తెలుసా? ‘సేవ్ అయింది’ అన్నంత మాత్రాన ఫైలు డిస్కు చేరినట్టు కాదు!

ఫైలును భద్రంగా దాచాలంటే కంప్యూటర్ రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒకటి, రాసింది నిజంగా డిస్కు మీదికి చేరిందా అని చూసుకోవాలి. రెండు, చేరింది చెడిపోకుండా ఉందా అని సరిచూడాలి. రెండింటికీ సమయం పడుతుంది. వీటిలో ఏది వదిలేసినా రాత వేగం పెరుగుతుంది. నలభై ఏళ్లకు పైగా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఈ బేరం చేస్తూనే ఉన్నారు, చాలాసార్లు వాడేవాళ్లకు తెలియకుండానే. పెళ్లి ఫొటోలైనా, దుకాణం లెక్కలైనా, పరిశోధన ఫలితాలైనా ఈ బేరంలో పణంగా పెట్టేది మన డేటానే. కాబట్టి ఎక్కడెక్కడ ఏ జాగ్రత్త వదులుతున్నారో మనకు తెలిసి ఉండాలి.

1. ‘సేవ్’ నొక్కాక కూడా డేటా అర నిమిషం మెమరీలోనే ఉండొచ్చు

లినక్స్‌లో ఒక ప్రోగ్రాం ఫైలు రాయమని అడిగితే, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం) ఆ డేటాను ముందు ర్యామ్‌లో పెట్టుకుని ‘రాసేశాను’ అని జవాబిచ్చేస్తుంది. డిస్కుకు ఇంకా చేరని డేటా ఉన్న ఇలాంటి మెమరీ భాగాలను ‘డర్టీ పేజీలు’ అంటారు. మామూలు సెట్టింగుల్లో కెర్నెల్ 5 సెకన్లకోసారి వాటిని పరిశీలించి, 30 సెకన్లు దాటినవాటిని డిస్కుకు పంపుతుంది. ఈలోగా ప్రోగ్రాం క్రాష్ అయినా డేటా కెర్నెల్ దగ్గర క్షేమంగానే ఉంటుంది. కరెంటు పోతే మాత్రం ఉండదు. ‘ఇప్పుడే డిస్కు మీద రాయి, రాశాకే జవాబు చెప్పు’ అని పట్టుబట్టడానికి ప్రోగ్రాంల చేతిలో ‘ఎఫ్‌సింక్’ అనే ఆదేశం ఉంది. కింద చెప్పుకోబోయే చాలా విషయాలు దీని చుట్టూ తిరిగేవే.

2. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కులో సెకనుకు 60 లావాదేవీలే!

మన ఫోన్లలో కాంటాక్టులు, మెసేజ్‌లు దాచే డేటాబేస్ ఎస్‌క్యూలైట్. 2000లో డి. రిచర్డ్ హిప్ దీన్ని విడుదల చేశారు. మామూలు డెస్క్‌టాప్‌లో ఇది సెకనుకు 50,000 రికార్డులు చేర్చగలదు. కానీ ఒక్కో రికార్డును విడి లావాదేవీగా రాయిస్తే, తిరిగే హార్డ్ డిస్కు మీద ఆ వేగం సెకనుకు 60 దగ్గర ఆగిపోతుంది. కారణం సూటిగా ఉంది. డిస్కు నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుందంటే సెకనుకు 120 చుట్లు. ఒక్కో లావాదేవీ పదిలంగా పడిందని నిర్ధారించుకోవడానికి డిస్కు రెండేసి చుట్లు తిరిగేదాకా ఆగాలి. 120ని రెండుతో భాగిస్తే 60.

వేలాది రికార్డులను ఒకే లావాదేవీలో కట్టి పంపితే భద్రతా పోదు, వేగమూ వస్తుంది. అది తెలియనివాళ్లు ‘సింక్రనస్’ అనే సెట్టింగును ‘ఆఫ్’ చేసేస్తారు. అప్పుడు ఎస్‌క్యూలైట్ డేటాను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించి, డిస్కు కోసం ఆగకుండా ముందుకు సాగుతుంది. ఆ క్షణంలో కరెంటు పోతే డేటాబేస్ మొత్తం పాడవ్వొచ్చని ఎస్‌క్యూలైట్ పత్రాలే హెచ్చరిస్తున్నాయి.

3. 1980ల్లోనే ఒక్క అంకె మార్చి ఫ్లాపీ రాతను వేగవంతం చేసేవారు

అటారీ 8-బిట్ కంప్యూటర్ల డాస్ 2.0ఎస్‌లో ప్రతి సెక్టార్‌నూ రాశాక మళ్లీ చదివి చూసే ఏర్పాటు ఉండేది. అలా చదవాలంటే ఫ్లాపీ ఒక పూర్తి చుట్టు తిరిగి, అదే సెక్టార్ మళ్లీ హెడ్ కిందికి రావాలి. అటారీ 810 డ్రైవ్ వేగం నిమిషానికి 288 చుట్లు. అంటే ఒక్కో సెక్టార్‌కు సెకనులో అయిదో వంతు అదనంగా పట్టేది. దాంతో బేసిక్‌లో ‘పోక్ 1913, 80’ అని కొట్టే చిట్కా వాడేవాళ్లందరికీ పాకింది. మెమరీలో 1913వ స్థానంలో మామూలుగా ఉండే అంకె 87. అది ‘డబ్ల్యూ’ అక్షరానికి సంకేతం, ‘రాసి సరిచూడు’ అని అర్థం. 80 అంటే ‘పి’, ‘రాసి వదిలేయ్’ అని. ఆ ఒక్క అంకె మారితే రాత వేగం పెరిగేది, సరిచూపు పోయేది.

4. డాస్‌లో ‘వెరిఫై’ ఆదేశం ఉండేది, కానీ ఆఫ్‌లోనే ఉండేది

ఎంఎస్-డాస్‌లో ‘వెరిఫై ఆన్’ అని కొడితే ప్రతి రాతనూ సిస్టమ్ సరిచూసేది. కానీ అది మొదటినుంచీ ఆఫ్‌లోనే ఉండేది. కావాలనుకున్నవాళ్లు తామే ఆన్ చేసుకోవాలి, లేదా కాపీ ఆదేశం చివర ‘/వి’ చేర్చాలి. ఆన్ చేసినా అది చేసే పని చాలామంది అనుకున్నంత పెద్దది కాదు. రాసినదాన్ని మెమరీలో ఉన్న అసలుతో అక్షరం అక్షరం పోల్చదు. ఆ సెక్టార్ చదవడానికి వీలుగా ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. ఒక పరీక్ష ఉందని తెలిస్తే చాలదు. అది దేన్ని పరీక్షిస్తుందో కూడా తెలిసి ఉండాలి.

5. డాస్ ప్రాంప్ట్ చూసి కంప్యూటర్ ఆపేసినవాళ్లు ఫైళ్లు పోగొట్టుకున్నారు

1993లో వచ్చిన ఎంఎస్-డాస్ 6.0లో ‘స్మార్ట్‌డ్రైవ్’ అనే క్యాష్ ప్రోగ్రాం డిస్కుకు రాయాల్సిన డేటాను కాసేపు మెమరీలో ఆపి ఉంచేది. పని ముగిసిందని తెరమీద ప్రాంప్ట్ కనబడేది. దాన్ని నమ్మి స్విచ్ ఆపేస్తే, అప్పటికింకా రాయని డేటా పోయేది. అదే ఏడాది వచ్చిన 6.2లో మైక్రోసాఫ్ట్ దీన్ని సరిదిద్దింది. మెమరీలో ఆగిన డేటా అంతా డిస్కుకు చేరాకే ప్రాంప్ట్ కనబడేలా మార్చింది. మారిందల్లా వాడే మనిషికి ‘అయిపోయింది’ అని చెప్పే సమయం. ఈ జాబితాలో గుర్తుంచుకోదగ్గ మంచి దిద్దుబాటు ఇది.

6. పెన్‌డ్రైవ్ విషయంలో విండోస్ 2018లో మనసు మార్చుకుంది

పెన్‌డ్రైవ్‌లకు విండోస్‌లో రెండు పద్ధతులున్నాయి. ‘బెటర్ పెర్ఫార్మెన్స్’ పెడితే రాతలు మెమరీలో ఆగుతాయి, కాబట్టి తీసేముందు ‘సేఫ్‌లీ రిమూవ్’ నొక్కి తీరాలి. ‘క్విక్ రిమూవల్’ పెడితే రాతలు ఆగవు. కాపీ నెమ్మదిస్తుంది కానీ, రాత జరగనప్పుడు డ్రైవ్‌ను నేరుగా తీసేయొచ్చు. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి ‘క్విక్ రిమూవల్’ మామూలు పద్ధతి అయింది. జిరాక్స్ షాపులో, ఫొటో స్టూడియోలో, ఆఫీసులో పెన్‌డ్రైవ్‌ను లాగేసే అలవాటు మనుషుల్లో మారదని గ్రహించి, సాఫ్ట్‌వేరే మారింది. అయినా అవతలి కంప్యూటర్‌లో ఏ సెట్టింగ్ ఉందో మనకు తెలియదు కాబట్టి ‘సేఫ్‌లీ రిమూవ్’ నొక్కడమే మేలు.

7. 2009లో లినక్స్ వాడకందార్ల ఫైళ్లు సున్నా బైట్లకు కుదించుకుపోయాయి

ఈఎక్స్‌టీ3 ఫైల్ సిస్టమ్ 5 సెకన్లకోసారి తన జర్నల్‌ను (మార్పుల చిట్టాను) డిస్కుకు రాసేది. దాని తర్వాత వచ్చిన ఈఎక్స్‌టీ4, వేగం కోసం ‘డిలేయ్డ్ ఎలొకేషన్’ తెచ్చింది. ఫైలుకు డిస్కు మీద చోటు కేటాయించడాన్ని వీలైనంత వాయిదా వేసే పద్ధతి ఇది. ఉబుంటు పరీక్షా వెర్షన్‌లో కొత్త ఫైల్ సిస్టమ్ వాడినవాళ్లకు, సిస్టమ్ క్రాష్ అయి తిరిగి లేచాక కొన్ని ఫైళ్లు పేరు మాత్రమే మిగిలి, లోపల ఖాళీగా కనబడ్డాయి. పాత ఫైలును ఖాళీ చేసి, దానిలోనే కొత్త డేటా రాసే ప్రోగ్రాంలకు ఈ దెబ్బ తగిలింది. ఖాళీ చేసిన సంగతి డిస్కుకు చేరింది, కొత్త డేటా చేరలేదు.

ఎఫ్‌సింక్ పిలవకపోవడం ప్రోగ్రాంల తప్పేనని ఈఎక్స్‌టీ4 నిర్వాహకుడు టెడ్ ట్సో వివరించారు. అయినా ఆ తప్పు చేసే ప్రోగ్రాంలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, అలాంటి రాతలను గుర్తించి వెంటనే చోటు కేటాయించే మార్పును కూడా ఆయన తెచ్చారు. అది అదే ఏడాది 2.6.30 కెర్నెల్‌లో చేరింది. డెవలపర్లు పాటించాల్సిన వరుస మాత్రం నేటికీ ఒకటే: కొత్త ఫైలు రాయండి, ఎఫ్‌సింక్ పిలవండి, ఆపైనే పాత పేరుకు మార్చండి.

8. మ్యాక్‌లో ఎఫ్‌సింక్ పిలిచినా డేటా దారిలోనే ఆగొచ్చు

హార్డ్ డిస్కులకు, ఎస్‌ఎస్‌డీలకు సొంతంగా చిన్న మెమరీ ఉంటుంది. మ్యాక్‌ఓఎస్‌లో ఎఫ్‌సింక్ పిలిస్తే డేటా డ్రైవ్ దాకా వెళుతుంది కానీ, ఆ లోపలి మెమరీని ఖాళీ చేయించి శాశ్వత నిల్వలోకి నెట్టదు. అందుకు ‘ఎఫ్-ఫుల్‌ఎఫ్‌సింక్’ అనే వేరే ఆదేశం ఉంది. ఆపిల్ తన పత్రాల్లో ఈ తేడాను స్పష్టంగానే రాసింది. ఒకే ప్రోగ్రాం లినక్స్‌లో కంటే మ్యాక్‌లో చకచకా రాస్తున్నట్టు పరీక్షలో తేలితే, రెండుచోట్లా ఒకే హామీ ఇస్తున్నారా అని ముందు చూడాలి. హామీలు వేరైనప్పుడు వేగాలను పోల్చడంలో అర్థం లేదు.

9. ప్రతి 512 బైట్లకు 4 బైట్ల కాపలా

డిస్కుకు చేరిన డేటా తర్వాత చెడిపోలేదని తేల్చేది ‘చెక్‌సమ్’. చిట్టా పుస్తకంలో ప్రతి పేజీ కిందా కూడిక వేసినట్టే, డేటా నుంచి లెక్కగట్టిన ఒక చిన్న సంఖ్యను దాచి ఉంచుతారు. చదివేటప్పుడు మళ్లీ లెక్కగట్టి, రెండూ సరిపోలాయా అని చూస్తారు. ఇందులో బాగా వాడుకలో ఉన్న సీఆర్‌సీ పద్ధతికి మూలం 1961లో డబ్ల్యూ. వెస్లీ పీటర్సన్ చేసిన కృషి. పెద్ద డేటా కేంద్రాల్లో వాడే హడూప్ ఫైల్ సిస్టమ్ మామూలుగా ప్రతి 512 బైట్లకు 4 బైట్ల చెక్‌సమ్ దాస్తుంది. అదనపు చోటు 1 శాతం లోపే.

చెక్‌సమ్ వేస్తే ప్రాసెసర్‌కు భారం అన్న మాట ఒకప్పుడు నిజమే. 2008లో ఇంటెల్ నెహాలెమ్ ప్రాసెసర్లతో సీఆర్‌సీ-32సీ లెక్కగట్టే ఆదేశం చిప్‌లోనే చేరింది. అప్పటినుంచీ ఆ సాకు బలం చాలా తగ్గింది.

10. 41 నెలల్లో 4 లక్షలకు పైగా నిశ్శబ్ద లోపాలు

డిస్కులు చెడిపోతే మనకు తెలుస్తుందని అనుకుంటాం. కొన్నిసార్లు డిస్కు ఏ లోపమూ చెప్పకుండానే తప్పు డేటా ఇస్తుంది. నెట్‌యాప్ నిల్వ వ్యవస్థల్లోని 15.3 లక్షల డిస్కులను 41 నెలల పాటు పరిశీలించిన అధ్యయనం 2008లో వెలువడింది. అందులో చెక్‌సమ్ సరిపోలని సందర్భాలు 4 లక్షలకు పైగా బయటపడ్డాయి. చెక్‌సమ్ ఉన్నాయి కాబట్టే అవి బయటపడ్డాయి. లేనిచోట ఇలాంటి లోపం జరిగినా ఎవరికీ తెలియదు. చెడిన ఫైలే బ్యాకప్‌లోకీ వెళ్లి, మంచి కాపీని తుడిచేయొచ్చు.

11. ఒక్క సెట్టింగు మారిస్తే బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో చెక్‌సమ్ కూడా పోతుంది

ఫైళ్ల భద్రతకు పేరుపడిన లినక్స్ ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్. పాత డేటా మీద రాయకుండా కొత్తచోట రాయడం దీని పద్ధతి. డేటాబేస్‌లు, వర్చువల్ మెషీన్ల డిస్కు ఫైళ్ల మధ్యలో అదేపనిగా చిన్న చిన్న రాతలు జరుగుతుంటాయి. ఈ పద్ధతిలో అవి ముక్కలు ముక్కలై నెమ్మదిస్తాయి. అందుకే చాలామంది ‘నోడేటాకౌ’ సెట్టింగు పెడతారు. రాత వేగం పుంజుకుంటుంది. దాంతోపాటే ఆ ఫైళ్లకు చెక్‌సమ్ ఆగిపోతుందని చాలామంది గమనించరు.

ఇది అశ్రద్ధతో జరిగింది కాదు, సాంకేతికంగా తప్పనిసరి. పాత డేటా మీదే కొత్తది రాసేటప్పుడు డేటా, దాని చెక్‌సమ్ రెండూ ఒకే క్షణంలో మారవు. మధ్యలో క్రాష్ అయితే మంచి డేటా కూడా చెడినట్టు కనబడుతుంది. రెండు డిస్కుల్లో నకళ్లు ఉంచుకున్నవాళ్లకు నష్టం ఇంకా పెద్దది. నకళ్లు రెండూ వేరువేరుగా ఉంటే, ఏది సరైనదో చెప్పే ఆధారం ఫైల్ సిస్టమ్ దగ్గర ఉండదు. డేటాబేస్‌కు సొంత చెక్‌సమ్ ఉంటే ఈ బేరం చేసుకోవచ్చు. లేకపోతే చేసుకోకూడదు.

12. పేర్లకు కాపలా, ఫొటోలకు లేదు

2017లో ఆపిల్ తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్, ఫైల్ సిస్టమ్ తన పనికోసం రాసుకునే మెటాడేటాకు చెక్‌సమ్ వేస్తుంది. మీ ఫైళ్లలోని డేటాకు వేయదు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లది కూడా అదే దారి. విండోస్ సర్వర్ 2012తో వచ్చిన రీఎఫ్‌ఎస్ మెటాడేటాకు ఎప్పుడూ వేస్తుంది, ఫైలు డేటాకు మాత్రం మీరు కోరితేనే. సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో సోర్స్ కోడ్‌తో సహా బయటపెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ డేటాకూ మెటాడేటాకూ రెండింటికీ వేస్తుంది. పైగా చెక్‌సమ్‌ను డేటా పక్కన కాక, దాన్ని చూపించే పై బ్లాకులో దాస్తుంది. డిస్కు పొరపాటున వేరేచోట రాసినా ఆ తప్పు దొరికిపోతుంది.

13. పోస్ట్‌గ్రెస్‌లో చెక్‌సమ్ మామూలు సెట్టింగ్ కావడానికి పన్నెండేళ్లు పట్టింది

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పేజీలకు చెక్‌సమ్ వేసే వీలు 2013లో 9.3 వెర్షన్‌తో వచ్చింది. కానీ అడిగినవాళ్లకే ఇచ్చేవారు. 2025లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి కొత్త డేటాబేస్‌లకు అది అడగకుండానే ఆన్ అవుతోంది.

ఇదే డేటాబేస్‌లో వేగం కోసం మార్చే సెట్టింగులు రెండు ఉన్నాయి, వాటి మధ్య తేడా తెలిసి తీరాలి. ‘సింక్రనస్ కమిట్’ ఆపితే, క్రాష్ అయినప్పుడు చివరి కొద్ది క్షణాల లావాదేవీలు పోవచ్చు. మామూలు సెట్టింగుల్లో ఆ గడువు గరిష్ఠంగా 600 మిల్లీసెకన్లు. మిగిలిన డేటాబేస్ క్షేమంగా ఉంటుంది. ‘ఎఫ్‌సింక్’ ఆపితే డేటాబేస్ మొత్తం తిరిగి కోలుకోలేనంతగా పాడవ్వొచ్చు. మొదటిది లెక్క తెలిసిన నష్టం, రెండోది హద్దు లేని నష్టం.

14. ఎఫ్‌సింక్ ఫలితాన్ని ఇరవై ఏళ్లు తప్పుగా నమ్మారు

2018లో పోస్ట్‌గ్రెస్ డెవలపర్లు ఒక కలవరపెట్టే విషయం బయటపెట్టారు. డిస్కుకు రాయడంలో లోపం వస్తే లినక్స్ ఎఫ్‌సింక్ ఒకసారి ‘విఫలం’ అని చెబుతుంది. కానీ ఆ పేజీలను ‘రాసినట్టే’ గుర్తు పెట్టుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ మళ్లీ ప్రయత్నిస్తే ఈసారి ‘విజయం’ అని జవాబు వస్తుంది, డేటా మాత్రం డిస్కు మీద ఉండదు. ఒకసారి విఫలమైతే మళ్లీ ప్రయత్నిస్తే సరిపోతుందన్న నమ్మకం తప్పని తేలింది. 2019 ఫిబ్రవరిలో వచ్చిన వెర్షన్ల నుంచి, ఎఫ్‌సింక్ విఫలమైతే పోస్ట్‌గ్రెస్ వెంటనే ఆగిపోయి, తన లాగ్ నుంచి డేటాను తిరిగి కట్టుకుంటుంది. తప్పు డేటాతో నడవడం కంటే ఆగిపోవడమే మేలన్నది ఆ నిర్ణయం. అది సరైన నిర్ణయం.

15. జాగ్రత్తలన్నీ తీసేయడానికే ఒక లైబ్రరీ ఉంది, దానికీ న్యాయమైన వాడకం ఉంది

స్టూవర్ట్ స్మిత్ రాసిన ‘లిబ్‌ఈట్‌మైడేటా’ను జోడిస్తే, ప్రోగ్రాం ఎఫ్‌సింక్ అని ఎన్నిసార్లు పిలిచినా ఏమీ జరగదు, ‘అయింది’ అనే జవాబు మాత్రం వస్తుంది. డెబియన్‌లో ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీకి కూడా ‘అన్‌సేఫ్-ఐఓ’ అనే ఐచ్ఛికం ఉంది. సాఫ్ట్‌వేర్ పరీక్షల కోసం తయారుచేసి, పని కాగానే పారేసే డేటాబేస్‌కు ఇవి ఎంతో ఉపయోగం. అక్కడ కరెంటు పోతే మళ్లీ మొదటినుంచీ నడిపిస్తే సరిపోతుంది. మళ్లీ తయారుచేసుకోగలిగిన డేటాకు ఈ బేరం లాభసాటి. అదే సెట్టింగు పొరపాటున అసలు సర్వర్‌లోకి చేరితే మాత్రం క్షమించరాని తప్పు.

16. ఆర్‌సింక్ మామూలుగా ఫైలు లోపలికి తొంగి చూడదు

బ్యాకప్‌లకు విరివిగా వాడే ఆర్‌సింక్, ఫైలు మారిందో లేదో తేల్చడానికి దాని పరిమాణం, చివరిసారి మార్చిన సమయం రెండే చూస్తుంది. అవి రెండూ సరిపోతే ఆ ఫైలును వదిలేస్తుంది. లక్షల ఫైళ్లున్నా చకచకా పని ముగియడానికి కారణం ఇదే. డిస్కులో నిశ్శబ్దంగా చెడిన ఫైలుకు పరిమాణమూ మారదు, సమయమూ మారదు. అప్పుడప్పుడైనా ‘చెక్‌సమ్’ ఐచ్ఛికంతో నడిపితే తప్ప ఆ తేడా బయటపడదు.

17. వేగం, భద్రత రెండూ కావాలంటే డబ్బుతో కొనుక్కోవచ్చు

సర్వర్ల కోసం చేసిన కొన్ని ఎస్‌ఎస్‌డీల్లో చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయిన క్షణంలో వాటిలో మిగిలిన విద్యుత్తుతో డ్రైవ్ తన మెమరీలోని డేటాను శాశ్వత నిల్వలోకి రాసేస్తుంది. అందువల్ల ఎఫ్‌సింక్‌కు ఆ డ్రైవ్ తక్షణమే, నిజాయితీగా జవాబివ్వగలదు. ఇళ్లలో వాడే చవక ఎస్‌ఎస్‌డీల్లో సాధారణంగా ఈ ఏర్పాటు ఉండదు. పలు డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కార్డులకు బ్యాటరీ పెట్టేదీ ఇందుకే.

ఇక మీ వంతు

కంప్యూటర్ ‘సేవ్ అయింది’ అన్నప్పుడు ఎంతవరకు సేవ్ అయిందో అడగడం వాడుకరి హక్కు, చెప్పడం సాఫ్ట్‌వేర్ బాధ్యత. వేగం కోసం భద్రతను వదులుకోవడం తప్పు కాదు. తెలియకుండా వదులుకోవడం, వాడేవాళ్లకు చెప్పకుండా వదలడం తప్పు. మీరు డెవలపర్ అయితే, వేగాన్ని పెంచే ప్రతి సెట్టింగు పక్కనా దానివల్ల పోయేదేమిటో రాయండి. మామూలు వాడకందారు అయితే నాలుగు పనులు చేయండి. పెన్‌డ్రైవ్‌ను ‘సేఫ్‌లీ రిమూవ్’ నొక్కాకే తీయండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ పెట్టుకోండి. ముఖ్యమైన ఫైళ్లను కనీసం రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఏడాదికోసారైనా ఆ బ్యాకప్ తెరిచి, ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. రాత కొన్ని సెకన్లు ఆలస్యమైతే ఆగొచ్చు, పోయిన ఫొటోను మాత్రం ఏ వేగమూ తిరిగి తేలేదు.